అంజిలయ్య ఆపని ముచ్చట

పేరు పెట్టి చెప్పానని మా అత్త వింటే కసురుతుంది గానీ, మా ఆయన పేరు అంజిలయ్య. మాది మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్. ఆయన అక్కడి నుంచి చేవెళ్ళ దాకా షేర్ ఆటో నడుపుతాడు. నేను చేవెళ్ళలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో చీరలకు ఫాల్స్ కుడతాను కాబట్టి, పొద్దున పూట ఆయన పక్కనే ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుంటాను. ఈ సంగతి నాకు ఎవరో చెప్పింది కాదు. అంతా నా కళ్ళ ముందే జరిగింది.

ఆయన చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆటో కొనకముందు ఒక ఫామ్‌హౌస్ సారుకు కారు నడిపేవాడు. ఆ సారు కారులో పాటలు పెట్టడు, వార్తలు పెట్టడు, ఎవరో ఇద్దరు ఇంగ్లీషులో గంటల తరబడి మాట్లాడుకుంటుంటే వింటూ తల ఊపుతుంటాడు. "ఏంది సార్ గిది?" అని ఒకరోజు మా ఆయన అడిగాడట. పాడ్‌కాస్ట్ అంటారనీ, తెలుగులో కూడా బోలెడు ఉంటాయనీ సారు చెప్పాడు. అంతే, ఆ రోజు నుంచి మా ఇంటికి శని పట్టింది. చెవిలో ఆ ఇయర్‌ఫోను లేకుండా ఈ మనిషి అన్నం తిన్న రోజు లేదు. సొంత ఆటో కొన్నాక దేవుడి పటం కంటే ముందు స్పీకర్ పెట్టించాడు. దసరాకు బండి పూజ చేసినప్పుడు ఆ స్పీకర్‌కు కూడా బొట్టు పెట్టాడు!

మొదట్లో ఎక్కినవాళ్ళంతా నవ్వారు. మొయినాబాద్‌లో ఎక్కే పూల అంతమ్మవ్వ అయితే, "పాడుకాస్టా? పాడుగాను, గదేం పేరురా, దొరకలేదా ఇంకో పేరు?" అని బుగ్గలు నొక్కుకుంది. కానీ ఈయనకు ఒక గుణం ఉంది. మనిషి ఎక్కగానే ముఖం చూస్తాడు, రెండు మాటలు మాట్లాడతాడు, దిగేలోపు "నీకు గిది పని చేస్తది" అని ఒక పాడ్‌కాస్ట్ చెబుతాడు. ఫోన్ తీసుకుని తనే వెతికి పెట్టి ఇస్తాడు. వాట్సాప్‌లో లింకు ఎలా పంపాలో నేర్పుతాడు, నచ్చితే పదిమందికి పంపమంటాడు.

సురంగల్ సత్తయ్యన్న టమాట వేస్తాడు. ఆయనకు ఎరువులు, తెగుళ్ళు, మార్కెట్ సంగతులు చెప్పే పాడ్‌కాస్ట్ పెట్టిచ్చాడు. ఆకుముడత వచ్చినప్పుడు అందులో చెప్పిన మందు కొట్టి చేను దక్కించుకున్నానని సత్తయ్యన్న ఊరంతా చెప్పుకున్నాడు. కానిస్టేబుల్ పరీక్షకు చదివే మనోజ్ఞకు రోజూ పొద్దున కరెంట్ అఫైర్స్. అంతమ్మవ్వకు పెద్దమనిషి కదా అని దేవుళ్ళ కథలు పెడితే, నాలుగు రోజులు విని "దేవుని ముచ్చట్లు నాకు ఎరుకనే గని, సంపుకున్నోల్ల ముచ్చట్లు ఉంటే పెట్టు బిడ్డా" అంది. అప్పటి నుంచి ఆమె చామంతులు కడుతూ హత్య కేసులు వింటుంది. హంతకుణ్ణి పోలీసులకంటే ముందే పట్టేస్తుంది. కరెంటు పనిచేసే గిద్యోనుకు దయ్యాల కథలు అలవాటు చేశాడు. ఆ తర్వాత పొద్దుగూకాక స్తంభం ఎక్కనని గిద్యోను మొండికేస్తే, వాళ్ళ ఊరివాళ్ళు వచ్చి మా ఆయన్నే తిట్టిపోయారు. నాకేమో ఆలుమగలు పోట్లాడుకోకుండా ఎలా ఉండాలో చెప్పే పాడ్‌కాస్ట్ వినమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వే ఇను, నీకే పనికొస్తది" అన్నాను.

తిట్టుకుంటాను గానీ, లోపల నాకూ గర్వంగానే ఉండేది. ఈ మనిషిని పుట్టిన దగ్గర నుంచి ఎవరూ ఏదీ అడిగింది లేదు. అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు కూడా అడగలేదు. అలాంటిది రోజూ పొద్దున బండి ఎక్కినవాళ్ళు "అంజిలన్నా, ఇయ్యాల ఏం ఇనాలె?" అని అడుగుతుంటే ఆయన ముఖం చూడాలి, పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

ఆ బండిలో ఏదీ అడగని మనిషి ఒక్క నిర్మలమ్మక్కే. సురంగల్ తొవ్వ దగ్గర ఎక్కి చేవెళ్ళలో దిగి, అక్కడి నుంచి కంపెనీ బస్సులో చందనవెల్లి వెళ్తుంది. ఒకప్పుడు బాగా బతికిన ఇల్లు. భర్త మల్లేశన్న ఒకసారి వార్డు మెంబరుగా కూడా చేశాడు. భూమి ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయి ఫామ్‌హౌస్‌ల గోడల వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత ఆమె కంపెనీలో చేరింది. ఇస్త్రీ చేసిన కాటన్ చీర, మెడలో ఐడీ కార్డు. ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్ అని మల్లేశన్నే హోటల్ దగ్గర అందరికీ చెప్పాడు. మేమందరం ఆమెకు జరిగి చోటిచ్చేవాళ్ళం. మా ఆయన "రా సూపర్‌వైజరక్కా" అని పిలిచేవాడు. ఆమె నవ్వేది కాదు. ఆ పిలుపు ఆమెకు ఎలా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇంకో మాట చెప్పాలి. నిర్మలమ్మక్క మా అత్త కాలం మనిషిలాగే భర్త పేరు నోటితో పలకదు. మా దగ్గర ఇలాంటి ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. "పిల్లల నాయిన" అనేవాళ్ళు కొందరు, "మా ఇంటాయన" అనేవాళ్ళు కొందరు. ఈమె మాత్రం "మా మోటరాయన" అంటుంది. పొలం ఉన్న రోజుల్లో కరెంటు వచ్చిందంటే చాలు, తింటున్న కంచం వదిలేసి బోరు మోటరు వేయడానికి ఉరికేవాడట ఆయన. అలా పడింది ఆ పేరు. పొలం పోయింది, బోరు పోయింది, ఆమె నోట్లో ఆ మాట మాత్రం పోలేదు. "మీ మోటరాయన మంచిగున్నడా అక్కా?" అని బండిలో మేమూ వేళాకోళం ఆడేవాళ్ళం.

ఒకరోజు పొద్దున ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మా ఆయన అద్దంలో చూశాడు. చూసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోడు. "అక్కా, నీ కడుపుల ఏదో ఉన్నది. ఎవలకన్న చెప్పుకుంటే తేలికైతది. 'పేరు చెప్పను' అని ఒకటున్నది. పట్నంల ఒక పిల్ల నడుపుతది. మన బాధ ఫోన్ల చెప్పి పంపితే సాలు. పేరు తీసేస్తరు, ఊరు తీసేస్తరు, గొంతు గూడ మారుస్తరు. పక్కింటోల్లు ఇన్నా గుర్తువట్టరు" అన్నాడు. "నాకేం బాధలున్నయ్ అంజిలయ్యా, కంట్ల దుమ్ము పడ్డది" అంది ఆమె. అయినా ఈయన ఆమె ఫోన్ అడిగి తీసుకుని, ఎక్కడ నొక్కి మాట్లాడాలో చూపించాడు. ఆమె ఆ ఫోన్‌ను సంచిలో వేసుకుని కిటికీ వైపు తిరిగింది.

తర్వాత మేమెవరం ఆ మాటే ఎత్తలేదు. వానలు పడి వెలిసిన రోజుల్లో ఒక పొద్దున బండి నిండుగా ఉంది. వెనక అంతమ్మవ్వ, పూలగంప, సత్తయ్యన్న, మనోజ్ఞ, అంచున నిర్మలమ్మక్క. "ఇయ్యాల 'పేరు చెప్పను'ల కొత్తది వచ్చింది, నేను గూడ ఇంక ఇనలే" అని మా ఆయన హుషారుగా స్పీకర్ నొక్కాడు.

గొంతు మగదో ఆడదో తెలియకుండా మందంగా వచ్చింది. మాట మాత్రం మన వైపు మాటే.

"మాకు పొలముండె. మా ఇంట్ల కూలోల్లు కడుపునిండ తిని పోయెటోల్లు. ఇప్పుడు నేను కంపెనీల బాత్రూములు కడుగుత. ఇంట్ల తెల్వదు. పెద్ద నౌకరి అని చెప్పిన."

అంతమ్మవ్వ "అయ్యో, ఎవరో పెద్దింటి బిడ్డ" అంది. సత్తయ్యన్న ముందుకు వంగాడు. ఇలాంటివి వస్తే బండిలో అందరికీ హుషారే, నాకూ హుషారే, అబద్ధమెందుకు.

"అంజిలయ్యా, అది ఆపు. తలకాయ నొస్తున్నది" అంది నిర్మలమ్మక్క.

"జర ఆగక్కా, అసలు ముచ్చట ముంగట్నే ఉన్నది" అన్నాడు ఈయన.

ఆ గొంతు చెబుతూనే ఉంది. పొద్దున మంచి చీర కట్టుకుని పోతానంది. అక్కడ గదిలో విప్పేసి నీలం యూనిఫారం వేసుకుంటానంది. సాయంత్రం ఫినాయిల్ వాసన పోవడానికి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటానంది. ఊరివాళ్ళు ఎవరైనా అదే కంపెనీలో చేరతారేమోనని రోజూ గేటు దగ్గర ముఖాలు చూసుకుంటూ లోపలికి పోతానంది.

"కడుగుతే కడిగింది గని, ఇంట్ల అబద్దం చెప్పుడేంది? సిగ్గుండాలె" అన్నాడు సత్తయ్యన్న.

"ఆపుమంటున్న గద అంజిలయ్యా!" ఈసారి ఆమె గట్టిగానే అంది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఐడీ కార్డును పిడికిట్లో పట్టుకుని ఉంది. అప్పటికైనా నాకు వెలగాలి కదా? వెలగలేదు. ఈయన అద్దంలోకి కూడా చూడలేదు. "అయిపోవచ్చిందక్కా, ఒక్క నిమిషం" అన్నాడు.

"ఎందుకు అబద్దం చెప్పిన్నంటే," అంది స్పీకర్‌లోని గొంతు, "భూమి పోయినంక మా మోటరాయన ఊర్లె తలెత్తుకొని తిరుగుతున్నడంటే, గా ఒక్క మాట మీదనే తిరుగుతున్నడు."

పాపం పట్నం పిల్ల పేరు తీసేసింది, ఊరు తీసేసింది, గొంతు మార్చింది. భర్త పేరు చెప్పకుండా దాచుకున్న మాటే ఆమెను పట్టిస్తుందని ఆ పిల్లకేం తెలుసు? అలా అనే మనిషి మా వైపు ఇంకొకరు లేరు. మనోజ్ఞ తల దించుకుంది. అంతమ్మవ్వ గంపలోని పూలను ఊరికే అటూ ఇటూ సర్దింది. మా ఆయన చెయ్యి స్పీకర్ వైపు పోయింది గానీ, మీట దొరకక తడబడింది. ఇంకో రెండు మాటలు వినపడ్డాక గానీ అది ఆగలేదు.

"బండి ఆపు" అంది నిర్మలమ్మక్క. చేవెళ్ళ ఇంకా రాలేదు. అక్కడ ఊరు లేదు, స్టాపు లేదు, రోడ్డు పక్కన మట్టి కుప్పలు తప్ప ఏమీ లేవు. ఆయన ఆపాడు. ఆమె దిగి, ఎవరి వైపూ చూడకుండా నడుచుకుంటూ పోయింది. ఒక్కరం కూడా దిగి ఆమె వెనక పోలేదు. నేనూ పోలేదు.

సాయంత్రానికల్లా ఆ లింకు సురంగల్ వాట్సాప్ గ్రూపులో ఉంది. ఎవరు వేశారో నేను అడగను. లింకు పంపడం అందరికీ నేర్పింది మా ఆయనే. మల్లేశన్న హోటల్ దగ్గరికి రావడం మానేశాడనీ, వెనక ఆయన్ని "సూపర్‌వైజరు మొగుడు" అని నవ్వుకుంటున్నారనీ సత్తయ్యన్నే బండిలో చెప్పాడు. నాకు నెత్తురు మరిగింది. "మీ ఇంట్ల బాత్రూము ఎవలు కడుగుతరు సత్తన్నా? మా వదిననే గద? ఆమెను చూసి గూడ నవ్వుతున్నరా మీరు?" అని అడిగాను. అడిగాను గానీ నా మాటలో కూడా పస లేదు. ఆ రోజు అంతా విన్నదాన్నే కదా నేను.

మా ఆయన స్పీకర్ పీకి అటక మీద పడేశాడు. మనోజ్ఞ అడిగితే ఖరాబైందన్నాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతాడు, తినడు. ఇయర్‌ఫోను ముట్టుకోలేదు. బజారులో ఎవరైనా "ఆమె ఆపమన్నదంట గద, ఎందుకు ఆపలే?" అని అడిగితే, "బండి సప్పుడుల ఇనబడలే" అనేవాడు. ఆ మాట నేను నేర్పిందే. ఆయన బాధ చూడలేక నేనే అన్నాను, "ఆటో సప్పుడు ఎట్లుంటదో అందరికి ఎరుకనే, ఇనబడలేదని చెప్పు, ఎవలు ఏమంటరు?" అని. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ నమ్మారు. అందరూ నమ్మేకొద్దీ ఈయన ఇంకా ముడుచుకుపోయాడు.

నిర్మలమ్మక్క మా బండి ఎక్కడం మానేసింది. పనికి పోతోందో లేదో కూడా తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, "పోయి కాళ్ళు పట్టుకుంట" అన్నాడు. ఒక్కణ్ణే పంపితే అక్కడ ఏం మాట్లాడతాడోనని నేనూ బయలుదేరాను. "ఇనబడలేదని చెప్పు, గంతకన్న ఏం మాట్లాడకు" అని దారి పొడుగునా చెప్పాను.

మల్లేశన్న వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ తెల్లచొక్కాలో చూసిన మనిషి, బనియన్ మీద, గడ్డం పెరిగి ఉన్నాడు. మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. నిర్మలమ్మక్క గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కాస్త చిక్కింది. మా ఆయన చెప్పులు దూరంగా విడిచి, వాకిట్లో నేల మీదే కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

"తప్పయింది పటేలా. తప్పయిందక్కా. గొంతు మార్చిండ్రు, నీదని నాకు ఎరుక లేకుండె" అన్నాడు.

"ఎరుక లేదని నాకు ఎరుకనే" అంది ఆమె, చిక్కుడుకాయల మీది నుంచి కళ్ళెత్తకుండా. "దాని గురించి నేను నిన్ను ఏమనలే. చెప్పుకున్నది నేను. గని నేను ఆపుమన్న అంజిలయ్యా. ఒక్కసారి గాదు. నీకు ఇనబడలేదంట గద, అందరికి అట్లనే చెప్తున్నవంట. నిజంగ ఇనబడలేదా?"

నేను ఆయన భుజం మీద వేలితో పొడిచాను. చెప్పు, ఆ ఒక్క మాట చెప్పు, అయిపోతుంది. ఆమె కూడా నమ్మడానికి సిద్ధంగానే ఉందనిపించింది నాకు. ఆ మాట చెబితే ఆమెకూ కాస్త నిమ్మళమేమో అనిపించింది.

ఆయన నా వేలు పక్కకు తోశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఇనబడ్డదక్కా" అన్నాడు. "రెండుసార్లు ఇనబడ్డది. ముచ్చట మంచిగున్నదని ఆపలే."

నాకు భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. ఆయన్ని చూసి కాదు. అంత పొడుగు దారిలో ఆయనకు అబద్ధం నూరిపోసుకుంటూ వచ్చిన నన్ను చూసుకుని సిగ్గేసింది.

ఆమె చేతులు ఆగాయి. కోపంగా ఏదో అంటుందనుకున్నాను. అనలేదు. అన్నది మల్లేశన్న. అసలు ఆయన గొంతు అక్కడ వినపడుతుందని నేను అనుకోలేదు.

"నువ్వు రెండుసార్లే ఆపలే అంజిలయ్యా" అన్నాడు. "నా ముంగట ఈమె ఎన్నోసార్లు మొదలువెట్టింది. 'కంపెనీల నా పని ఏందంటే' అనంగనే నేను టీవీ సప్పుడు పెంచేటోన్ని. సూపర్‌వైజర్ అంటే గట్లనే ఉంటది తియ్ అనేటోన్ని. ఫినాయిల్ వాసన నాకు రాలేదా? వచ్చింది. తెలుసుకునుడు నాకే వద్దుండె. ఊర్లె ఏం చెప్పుకోవాలె అని." ఆయన చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "బయట ఎవలికో ఫోన్ల చెప్పుకున్నదంటే, ఇంట్ల నేను ఇనకనే."

ఆమె ఆయన వైపు తలెత్తి చూసింది. ఆ చూపు నాకు ఇంకా అర్థం కాలేదు. తర్వాత చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆ ఫోన్ల చెప్పింది సగమే" అంది నా వైపు తిరిగి. "ఇంక ఉన్నది. కూసో కవితా, నువ్వు గూడ కూసో."

నేను మా ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది. తన బిడ్డ వయసు పిల్ల వైపరు ఎలా పట్టుకోవాలో నేర్పిందట. మగవాళ్ళ బాత్రూములకు మొదటిసారి పంపినప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా అని గొంతెత్తి అడగడానికి నోరు రాక, తలుపు బయటే నిలబడిందట. ఒక బాత్రూములో ఎవరో కావాలనే గోడంతా ఖరాబు చేసి పోతే, కక్కుకుంటూనే కడిగిందట. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, అదే చేతులతో కలుపుకోలేక మూసేసి, సాయంత్రం ఇంటికి వచ్చి "కంపెనీల మంచిగ తిన్న" అని చెప్పిందట. అన్నీ పేర్లతో, ఊర్లతో, తన సొంత గొంతుతో చెప్పింది. వాకిట్లోకి తొంగిచూసిన పక్కింటివాళ్ళను చూసి కూడా గొంతు తగ్గించలేదు. మేం ముగ్గురం తలలు ఎత్తలేదు.

"ఇగ సాలు తియ్, ఆపు" అన్నాడు మల్లేశన్న, ఏడుపు గొంతుతో.

ఆమె ఆపలేదు.